మా తమ్ముడు ఫార్వర్డ్. తొమ్మిది మ్యాచ్‌లుగా గోల్ లేదు. ఆపించాలా?

కాజీపేట అక్క

నమస్తే అందరికీ. మాది కాజీపేట. నాన్న ఆటో నడుపుతారు, అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. నేను డిగ్రీ ఫైనలియర్. ఈ పోస్టు మా తమ్ముడి గురించి. తొమ్మిదో తరగతి, పద్నాలుగేళ్లు నిండాయి.

ఆరో తరగతి నుంచి వాడికి ఫుట్‌బాల్ తప్ప వేరే ధ్యాస లేదు. పొద్దున ఐదున్నరకే లేచి గ్రౌండ్‌కు పోతాడు. ఆడేది ఫార్వర్డ్, అంటే ముందు వరసలో ఉండి గోల్స్ కొట్టే పని. పోయినేడాది స్కూల్ మ్యాచ్‌లు, కాలనీ మ్యాచ్‌లు కలిపి 22 గోల్స్ కొట్టాడు. ఆ లెక్క నేనే ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. మంచం పక్కన గోడ మీద సునీల్ ఛెత్రి ఫొటో ఉంటుంది. సికింద్రాబాద్‌లో పుట్టాడు కాబట్టి మనోడే అంటాడు.

ఈ జూన్ నుంచి మొత్తం మారిపోయింది. తొమ్మిది మ్యాచ్‌లు ఆడాడు, ఒక్క గోల్ లేదు. రెండుసార్లు ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నా బాల్ బయటికి కొట్టాడు. రెండోసారి అలా అయిన రోజు ఇంటికొచ్చి షూస్ కూడా విప్పకుండా బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. ఏడుపు వినపడకుండా నల్లా తిప్పి పెట్టాడు. నాకు వినపడింది.

కోచ్ సార్ వెనక్కి, డిఫెన్స్‌లోకి మారుస్తానంటున్నారు. నాన్నేమో "వచ్చే ఏడు టెన్త్. గోల్స్ కొట్టినన్నాళ్లు సరే అన్నా. ఇప్పుడు అవీ లేవు, ఇంక చాలు" అంటున్నారు. ఆయనకు కోపం కంటే భయమే ఎక్కువ. "ఆడి ఆడి ముప్పై ఏళ్లకు ఇంటికొస్తే ఏం చేస్తాడు? నాలెక్క ఆటో తోలుతాడా?" అని రాత్రి అమ్మతో అంటుంటే విన్నాను.

ఫార్వర్డ్‌గా బతుకు అసలు ఎట్లా ఉంటుంది, ఎన్నేళ్లు నడుస్తుంది? ఇన్ని మ్యాచ్‌లు గోల్ కొట్టని పిల్లాణ్ని ముందు ఆడించడంలో అర్థం ఉందా? ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇంట్లో చాలా టెన్షన్‌గా ఉంది.

సుబేదారి 506001

చెల్లీ, టెన్త్ అయ్యేదాకా ఆపించడమే మంచిది. తర్వాత కావాలంటే మళ్లీ ఆడుకుంటాడు. మన దగ్గర ఫుట్‌బాల్‌తో అన్నం తిన్నవాళ్లు ఎంతమంది?

పాత తొమ్మిదో నంబర్

బిడ్డా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. ఫుట్‌బాల్‌తో అన్నం తిన్నవాళ్లు ఎంతమంది అని పైన సుబేదారి ఆయన అడిగాడు. నేను తిన్నాను. 1987లో స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో చేరాను, తొమ్మిదో నంబర్ చొక్కా వేసుకుని ఫార్వర్డ్‌గా ఎనిమిదేళ్లు ఆడాను. 1995లో మోకాలు పోయింది, ఆట ఆగింది. ఉద్యోగం మాత్రం రిటైరయ్యేదాకా నిలబడింది. ఆ ఉద్యోగం మీదనే ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేశాను. ఇప్పటికీ డీజిల్ కాలనీ దగ్గరే ఉంటాను.

ముందు మీ నాన్న ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న, దాన్ని తీసిపారేయొద్దు. ఫార్వర్డ్ ఆట ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. తులసీదాస్ బలరాం పేరు విన్నావా? సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆట మానేయాల్సి వచ్చింది. ఇంకా ముప్పై కూడా నిండలేదు. మా బాపు ఆయన ఆట చూశాడు. కుడికాలా, ఎడమకాలా తెలిసేది కాదు బిడ్డా అని చెప్పేవాడు. అంతటి ఆటగాడికి కూడా తర్వాత అండ అయ్యింది బెంగాల్ నాగపూర్ రైల్వేనే. 2023 ఫిబ్రవరిలో పోయాడు. ఆ రోజు మా పాత జట్టు వాళ్లం నలుగురం గ్రౌండ్‌లో కలిసి కాసేపు నిలబడి వచ్చాం.

ఇక మీ తమ్ముడి గోడ మీద ఉన్నాయన. నలభై నిండాక కూడా ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) 2024-25 సీజన్‌లో 14 గోల్స్ కొట్టాడు. అంటే ఒకరికి ముప్పై లోపే అయిపోయింది, ఇంకొకరికి నలభై దాటినా అయిపోలేదు. మీ నాన్నకు ఈ రెండూ చెప్పు. ఒకటే చెబితే అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

ఛెత్రి ఫొటో పెట్టుకున్న పిల్లలకు ఆయన గోల్స్ లెక్క తెలుసు. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి రిటైర్మెంట్ తీసుకునేసరికి దేశం తరఫున 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. (మళ్లీ 2025లో వెనక్కి వచ్చాడు, అది వేరే సంగతి.) ఆయన్ని ఎవరెవరు వద్దన్నారో పిల్లలకు తెలియదు. 2009లో ఇంగ్లండ్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ వాళ్లు తీసుకుందామనుకున్నారు. ఫిఫా ర్యాంకుల్లో ఇండియా మొదటి డెబ్బైలో లేదని అక్కడి ప్రభుత్వం వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. ఆయన తప్పు అందులో ఆవగింజంత లేదు. 2010లో అమెరికాలో కాన్సస్ సిటీకి పోయాడు, లీగ్‌లో ఒక్క మ్యాచ్‌లో కూడా దింపలేదు. 2012లో పోర్చుగల్ పోయాడు, స్పోర్టింగ్ వాళ్ల రెండో జట్టులో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మ్యాచ్‌లు ఆడి ఇంటికొచ్చాడు. మీ తమ్ముడికి ఈ మూడేళ్ల సంగతి చెప్పు. తొమ్మిది మ్యాచ్‌లు ఎంత చిన్నవో వాడికే అర్థమవుతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇదే నాకు ముఖ్యం.

ఫార్వర్డ్‌ని గోల్స్‌తో కొలవడం రోజువారీ పని. అది ఆపాలని నేను అనను, పేపర్లో పడేది అదే. కానీ కోచ్ అయినా, ఇంట్లోవాళ్లైనా పిల్లాడి విషయంలో తేల్చుకోవాలంటే బాల్ కాళ్ల దగ్గర లేనప్పుడు వాడు ఏం చేస్తున్నాడో చూడాలి. తొంభై నిమిషాల్లో ఫార్వర్డ్ దగ్గర బాల్ ఉండేది రెండు, మూడు నిమిషాలే. మిగతా టైమంతా దేనికోసం తిరుగుతున్నాడు?

నాకు ఇది ఆడినప్పుడు కూడా ఇంత బాగా తెలియదు. ఒగ్బెచేని చూశాక తెలిసింది. నైజీరియా ఆటగాడు, పదిహేడేళ్లకే 2002 ప్రపంచకప్ ఆడాడు. తర్వాత ఫ్రాన్స్, స్పెయిన్, ఇంగ్లండ్, గ్రీస్, హాలండ్ అంటూ క్లబ్బులు మారుతూ తిరిగి, 2018లో ఇండియా వచ్చాడు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి 18 గోల్స్ కొట్టి ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిపెట్టిన జట్టులో ముందున్నాడు. ఆ సీజన్ కరోనా వల్ల మొత్తం గోవాలోనే జరిగింది, మేం టీవీలో చూశాం. మరుసటి సీజన్ గచ్చిబౌలిలో మ్యాచ్‌లు పెట్టారు. హన్మకొండలో బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, అక్కడి నుంచి మెట్రోలో రాయదుర్గం దాకా పోయి చూశాను. ఆ రోజు బాల్‌ని చూడొద్దు, ఆయన్నొక్కణ్నే చూడాలని ముందే అనుకుని కూర్చున్నాను.

ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఎక్కువసేపు నడుస్తూనే ఉన్నాడు. పక్కనున్న పిల్లలు పరుగెత్తడం లేదేంటని అరుస్తున్నారు. నేను ఆయన తల చూస్తున్నాను. నాలుగైదు సెకన్లకోసారి భుజం మీది నుంచి వెనక్కి చూస్తాడు. స్టాపర్ (గోల్ ముందు కాపలా ఉండే డిఫెండర్) ఎక్కడున్నాడో చూసుకుని, ఆ స్టాపర్ వీపు వెనక్కి, అతని కంటికి ఆనని చోటికి రెండడుగులు జరుగుతాడు. స్టాపర్ మెడ తిప్పి వెతుక్కుంటాడు. మళ్లీ రెండడుగులు ఇటు. రెక్క మీది నుంచి, అంటే మైదానం పక్క నుంచి, గోల్ ముందుకు క్రాస్ వచ్చే టైముకు ముందు దూరంగా పోతున్నట్టు ఒక అడుగు వేసి, స్టాపర్ బరువు అటు పడగానే మొదటి పోల్ దగ్గరికి దూకుతాడు. ఆ పరుగు ఏడెనిమిది గజాలుంటుంది. బాల్ వచ్చిందా గోల్. రాలేదా, మళ్లీ నడక. అట్లా రానివి ఎన్నో నేను లెక్కపెట్టలేకపోయాను. రానిదానికి ఒక్కసారి కూడా చేతులు విసరలేదు. నాలుగు జట్ల మీదుగా ఐఎస్‌ఎల్‌లో 63 గోల్స్ అట్లా వచ్చినవే.

అందుకని ఒక పని చెయ్యి బిడ్డా. వచ్చే మ్యాచ్‌కు నువ్వు పో. గోల్స్ రాసిన నోట్‌బుక్కే తీసుకుపో. ఒక హాఫ్ మొత్తం మీ తమ్ముణ్ని తప్ప ఎవర్నీ చూడకు. ఖాళీలోకి ఎన్నిసార్లు పరుగెత్తాడు, అందులో బాల్ ఎన్నిసార్లు వచ్చింది, వచ్చినప్పుడు ఏ కాలుతో ఏం చేశాడు, ఇవి రాయి. రాసింది ఇక్కడ పెట్టు. అప్పుడు మాట్లాడదాం.

టెన్త్ గురించి: ఆపించొద్దు, తగ్గించు. పొద్దున గంట చాలు. ఇంకోటి, ఎవరైనా సెలక్షన్ కోసం వయసు తగ్గించి సర్టిఫికెట్ చేయిద్దాం అంటే ఆ మనిషిని గడప తొక్కనియ్యకండి. ఇప్పుడు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తున్నారు. దొరికితే పిల్లాడి మీద మచ్చ పడుతుంది.

ఇందూరు ఆడబిడ్డ

పెద్దాయన చెప్పింది చదువుతుంటే ఒళ్లు పులకరించింది. మా నిజామాబాద్ జిల్లా సౌమ్య గుగులోత్‌ని కూడా తలుచుకోండి అక్కా. ఆమె కూడా ముందు వరసలో ఆడే అమ్మాయే. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. 2025లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది, దేశానికి ఆడుతోంది. మా దగ్గర తండాల్లో ఆడపిల్లలకు ఆమె పేరు చెబితే చాలు, పొద్దున్నే గ్రౌండ్‌కు వస్తున్నారు. మనకు హైదరాబాద్ దాటి ఎవరున్నారు అనేవాళ్లకు నేను ఈ పేరే చెబుతాను.

కాజీపేట అక్క

పెద్దనాన్నా, మీరు చెప్పినట్టే ఆదివారం పోయాను. మా తమ్ముడికి చెప్పకుండా వేపచెట్టు కింద కూర్చున్నాను. హాఫ్ ముప్పై ఐదు నిమిషాలు.

ఖాళీలోకి పరుగు: 26 సార్లు. బాల్ వచ్చింది: 5 సార్లు. అందులో రెండు వాడి వీపు వెనక పడ్డాయి.

ఇన్నేళ్లుగా మ్యాచ్‌లు చూస్తున్నాను, వాడు ఇంత తిరుగుతాడని నాకు తెలియదు. సిగ్గుగా అనిపించింది. మీరన్నట్టు భుజం మీది నుంచి వెనక్కి కూడా చూస్తున్నాడు, ఎవరు నేర్పారో తెలియదు.

ఇంకొకటి కనపడింది, అది మీరు అడగలేదు. వాడు కుడికాలుతో కొడతాడు. కొట్టేముందు ఎడమకాలు బాల్ పక్కన గట్టిగా ఆనించి కొట్టేవాడు, పోయినేడాది వీడియోలు నా ఫోన్లో ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూశాను. ఇప్పుడు ఎడమకాలు ఆనించే ముందు ఒక చిన్న అడుగు ఎక్కువ వేస్తున్నాడు. అంతలో డిఫెండర్ వచ్చేస్తున్నాడు. హెడ్డింగ్‌కు కూడా ముందు ఎడమకాలు మీది నుంచి ఎగిరేవాడు, ఇప్పుడు రెండు కాళ్ల మీద నిలబడి ఎగురుతున్నాడు, అందడం లేదు. అడిగితే "ఏం లేదక్కా" అన్నాడు.

ఫిజియో, కరీంనగర్

ఈ చివరి పేరా చదివి రాస్తున్నాను. మేడమ్, రెండు విషయాలు చూసి చెప్పండి. ఈ ఏడాదిలో బాబు ఎత్తు బాగా పెరిగాడా? ఎడమ మోకాలి చిప్పకు రెండు వేళ్లంత కింద, ముందు ఎముక మీద బొడిపెలాగా ఏమైనా ఉందా? అక్కడ బొటనవేలితో నొక్కితే నొప్పి అంటాడా? మెట్లు ఎక్కేటప్పుడు, మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు ముఖం చూడండి. నోటితో చెప్పకపోవచ్చు.

కాజీపేట అక్క

ఉంది సార్. రాత్రి వాడు పడుకున్నాక సెల్ లైట్ వేసి చూశాను. కుడి మోకాలితో పోలిస్తే తేడా తెలుస్తోంది, సగం నిమ్మకాయంత లేచి ఉంది. ముట్టుకోగానే నిద్రలోనే కాలు లాక్కున్నాడు. పోయిన జూలైలో కుట్టించిన యూనిఫాం ప్యాంటు ఇప్పుడు చీలమండ పైకి పోయింది, అమ్మ రెండుసార్లు అంచు విప్పింది.

పొద్దున కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పాడు. మే నుంచి నొప్పి ఉందంట. చెబితే నాన్న ఆపిస్తారని, కోచ్ సార్ టీమ్‌లోంచి తీసేస్తారని దాచుకున్నాడు. నాకు భయమేస్తోంది. ఇది పెద్దదా?

ఫిజియో, కరీంనగర్

భయపడొద్దు. ఎదిగే వయసులో పరుగెత్తే, ఎగిరే ఆటలు ఆడే పిల్లల్లో ఇది చాలా మామూలు. దీన్ని ఆస్గుడ్-ష్లాటర్ అంటారు. ఎముక తొందరగా పొడుగవుతుంది, తొడ ముందు కండరం అంత తొందరగా సాగదు. ఆ కండరం మోకాలి చిప్ప మీదుగా వచ్చి కింద ముందు ఎముకకు అతుక్కుని ఉంటుంది. అతుక్కున్న చోట ఎముక ఇంకా లేతగా ఉండటంతో ప్రతి పరుగులో, ప్రతి ఎగురుడులో అక్కడ గుంజుతుంది. వాచి, నొప్పి పుట్టి, బొడిపె లేస్తుంది. బరువు ఏ కాలు మీద వేస్తే ఆ కాలికి ఎక్కువ. బాబు ఎడమకాలు ఆనించి కొడతాడు, ఎడమకాలి మీదే ఎగురుతాడు. ఎదుగుదల ఆగాక చాలామందికి దానంతట అదే పోతుంది. బొడిపె మిగలొచ్చు, ఇబ్బంది పెట్టదు.

కానీ నేను చూడకుండా చెప్పేది ఇంతవరకే. ఒకసారి ఎముకల డాక్టర్‌కు చూపించి ఇదేనని ఖాయం చేసుకోండి. రాత్రుళ్లు నొప్పితో నిద్ర లేస్తున్నా, జ్వరం ఉన్నా, కాలు మొత్తం చాచలేకపోతున్నా రేపటికి ఆగొద్దు. డాక్టర్ చూసేదాకా మ్యాచ్‌లు, షాట్లు, ఎగరడం బంద్. ఆడిన రోజు, నొప్పి ఉన్న రోజు ఐస్‌ను బట్టలో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెట్టండి. తొడ ముందు కండరం, వెనక కండరం సాగదీసే వ్యాయామం రోజూ చేయించాలి, అది డాక్టర్ దగ్గరే ఒకసారి చూపించమనండి. నొప్పి తగ్గితే మెల్లగా మళ్లీ ఆడొచ్చు. ఆట పూర్తిగా మానాల్సిన పని సాధారణంగా ఉండదు.

పాత తొమ్మిదో నంబర్

బిడ్డా, పొద్దుటి నుంచి ఈ పోస్టు ముందే కూర్చున్నాను. నేను మొదట రాసినదాంట్లో "1995లో మోకాలు పోయింది" అని ఒక్క ముక్కలో దాటేశాను. మొత్తం చెప్పాల్సింది.

1994 చలికాలంలో ప్రాక్టీసులో మోకాలు మెలిపడింది. లోపల టక్‌మని చప్పుడు నాకే వినపడింది. సాయంత్రానికి వాచింది. వారంలో సెలక్షన్ ఉంది. ఎవరికీ చెప్పలేదు, మా అవ్వకు కూడా. గుడ్డ గట్టిగా చుట్టుకుని, తెలిసినాయన దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని ఆడాను. ఆ రోజు గోల్ కూడా కొట్టాను. అట్లా ఐదు నెలలు నెట్టుకొచ్చాను. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పక్కన ఎవరూ లేకుండానే, బాల్ ఆపి తిరుగుతుంటే కాలు కింద నుంచి పోయింది. లిగమెంట్ పూర్తిగా తెగింది. అప్పుడు నాకు ముప్పై. మొదటి రోజే చెప్పి ఉంటే ఒక సీజన్ పోయేది.

మీ తమ్ముడిది నాలాంటిది కాదు, ఫిజియో సార్ చెప్పినట్టు నయమయ్యేదే. కానీ దాచే గుణం మాత్రం అచ్చంగా నాదే. తిట్టకండి. నొప్పి చెబితే టీమ్‌లోంచి తీయరని ఎవరో ఒకరు వాడికి మాటివ్వాలి. ఆ మాట ఇవ్వాల్సింది కోచ్ సార్. నువ్వు పోయి 26, 5 అని రాసిన ఆ కాగితం చూపించు. ఆయన వాణ్ని వెనక్కి మారుస్తానన్నది ఈ సంగతి తెలియకే.

మీ నాన్నకు నా నంబర్ ఇస్తాను, ఇన్‌బాక్స్‌లో పంపుతున్నాను. ఉద్యోగాల సంగతి నేను మాట్లాడతాను. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల జట్లు ఆడే టోర్నమెంట్) ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది, కేరళ, బెంగాల్. నేను స్టాండ్స్‌లోనే ఉన్నాను. తొంభై నిమిషాలు దాటిపోయాక రబి హాన్స్‌డా అనే ఫార్వర్డ్ కొట్టిన ఒక్క గోల్‌తో బెంగాల్ గెలిచింది. ఆ టోర్నమెంట్‌లో వాడివి 12 గోల్స్. కూలి చేసుకునే ఇంటి పిల్లాడు. తర్వాత ఆ జట్టు పిల్లలకు అక్కడి ప్రభుత్వం ఉద్యోగాలిచ్చింది. అందరికీ దొరుకుతుందని చెప్పను. రాష్ట్ర జట్టు దాకా పోతే రైల్వే, పోలీస్ లాంటిచోట్ల తలుపు తట్టడానికి ఒక కాగితం ఉంటుంది. దాంతోపాటు టెన్త్, ఇంటర్ పాసై ఉండాలి, అది లేకుండా ఆ తలుపు తెరుచుకోదు. ఈ ముక్క మీ తమ్ముడికి నా పేరు మీద చెప్పు.

కాజీపేట అక్క

అందరికీ ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

డాక్టర్ చూసి ఫిజియో సార్ చెప్పిందే చెప్పారు. ఎక్స్‌రే కూడా తీశారు. కోచ్ సార్ కాగితం రెండుసార్లు చదివి, "నాకు ముందే ఎందుకు చెప్పలేదురా" అని వాడి తల మీద చెయ్యి వేశారు. నొప్పి తగ్గేదాకా గ్రౌండ్ పక్కన కూర్చుని తక్కినవాళ్ల పరుగులు లెక్క రాయమన్నారు. ఇప్పుడు ఆ నోట్‌బుక్ వాడి దగ్గరే ఉంది. మా లెఫ్ట్ వింగ్ అబ్బాయి తల ఎత్తకుండా క్రాస్ కొడతాడని, అందుకే అన్నీ వెనక పడుతున్నాయని వాడే కనిపెట్టి ఆ అబ్బాయితో మాట్లాడాడు.

నాన్న పెద్దనాన్నతో ఫోన్లో గంటసేపు మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. పోయిన ఆదివారం మాత్రం కిరాయి వదులుకుని ఆటో గ్రౌండ్ బయట పెట్టి లోపలికొచ్చారు. తమ్ముడు చివరి ఇరవై నిమిషాలు ఆడాడు. గోల్ లేదు. హెడ్డింగ్‌కు ఒకసారి ఎడమకాలి మీది నుంచే ఎగిరాడు, బాల్ బార్ పైనుంచి పోయింది.

ఫిజియో సార్, ఆడిన రోజు రాత్రి కొంచెం నొప్పి ఉందన్నాడు, తెల్లారేసరికి లేదు. ఇట్లా ఉంటే ఆడనివ్వచ్చా?

ఫిజియో, కరీంనగర్

తెల్లారేసరికి పోతే పరవాలేదు. ఇరవై నిమిషాలే ఉంచండి, ఇంకో రెండు వారాలు పెంచొద్దు. మర్నాడు కూడా నొప్పి ఉంటే మళ్లీ ఒక వారం బంద్. ఐస్, స్ట్రెచింగ్ మానొద్దు. ఈసారి తనే చెప్పాడు కదా, అది నాకు చాలా సంతోషం.